ఇది కథా, వివరణా? మూడో తరగతి పిల్లలకు ఈ తేడా విడిగా నేర్పాలా?

అడయారు అమ్మ:
మాది చెన్నై. మా అమ్మాయి మూడో తరగతి. బడిలో ఇంగ్లీషు, తమిళం. తెలుగు మాత్రం ఆదివారం పూట, మా కాలనీలో పదిమంది పిల్లలను కూర్చోబెట్టి చెప్పే తరగతిలో. పోయిన వారం అక్కడ అపరిచిత గద్యం ఒకటి ఇచ్చి, "ఇది కథా, వివరణ వ్యాసమా? ఎలా గుర్తుపట్టావు?" అని అడిగారు. ఆ గద్యం ఇది:

"ఒక రాత్రి ఆలివ్ రిడ్లీ తాబేలు ఒకటి బీసెంట్ నగర్ ఒడ్డుకు వచ్చింది. ఇసుకలో అడుగున్నర లోతు గుంట తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టింది. గుంట పూడ్చి సముద్రంలోకి వెళ్ళిపోయింది. 45 నుంచి 60 రోజుల్లో గుడ్లు పిల్లలవుతాయి. పిల్లలు వెలుతురు ఎక్కువగా ఉన్న వైపు నడుస్తాయి. రాత్రిపూట సముద్రం వైపే వెలుతురు ఎక్కువ కాబట్టి నీళ్ళలోకి చేరతాయి. ఒడ్డున వీధిదీపాలు వెలుగుతుంటే దారి తప్పి రోడ్డు మీదికి వస్తాయి."

మా పిల్ల "కథ" అని రాసింది. ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన "వివరణ. ‘కాబట్టి’ ఉంది చూడు" అని రాసి పంపారు. "తాబేలు వచ్చింది, గుడ్లు పెట్టింది, వెళ్ళిపోయింది. ఇది కథ కాకపోతే మరేమిటమ్మా?" అని అది నన్ను నిలదీసింది. నా దగ్గర జవాబు లేదు. ఎనిమిదేళ్ళ పిల్లకు ఇవన్నీ పేర్లు పెట్టి నేర్పాలా? చదివి అర్థం చేసుకుంటే చాలదా?

నుంగంబాక్కం నాన్న:
నేర్పాలండీ. పై తరగతులకు వెళ్ళేకొద్దీ సైన్సు, సోషల్ పుస్తకాల నిండా వివరణే. వాటిని కథలాగా చదివే పిల్లలు "తర్వాత ఏమయింది" అని ఎదురు చూస్తారు. ఏమీ కాదు. పుస్తకం మూసేస్తారు. మా అబ్బాయి రెండేళ్ళు అదే చేశాడు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. కొలంబియా విశ్వవిద్యాలయం టీచర్స్ కాలేజీలో జొఆనా విలియమ్స్ బృందం రెండో తరగతి పిల్లలకు జంతువులను పోల్చి చెప్పే పాఠాలు ఎలా చదవాలో నేర్పింది. గుర్తు మాటలు, అడగాల్సిన ప్రశ్నలు, ఒక పట్టిక, అంతే. ఆ పిల్లలు ముందెన్నడూ చూడని పోలిక పాఠాలను కూడా మిగతావారికంటే బాగా అర్థం చేసుకున్నారు. 2005లో వచ్చిన ఫలితం అది. రెండో తరగతికే సాధ్యమైనప్పుడు మూడో తరగతికి ఎందుకు కాదు?

సుద్దముక్క:
నేను ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో తెలుగు చెబుతున్నాను. నాన్న గారూ, ఆ పరిశోధనలో మీరు చెప్పని సగం ఒకటి ఉంది. నేర్పిన పోలిక పద్ధతి పోలిక పాఠాలకే అక్కరకు వచ్చింది. మరో రకం అల్లికతో రాసిన పాఠం ఇస్తే ఆ పిల్లలకు ప్రత్యేకంగా ఏ లాభమూ కనిపించలేదు. అంటే ఒక్కో రకాన్నీ ఒక్కోసారి నేర్పాలి. వారానికి గంటన్నర తరగతిలో అది ఎలా కుదురుతుంది?

ఇక "కాబట్టి ఉంది చూడు" అన్న దిద్దుబాటు. అది చూసి నాకు ఒళ్ళు మండింది. ఇంగ్లీషు వర్క్‌షీటులో కారణం చెప్పే మాట విడిగా నిలబడి ఉంటుంది, దానికి గీత గీయించవచ్చు. తెలుగులో కారణం ఎక్కువసార్లు క్రియ కడుపులోనే దాక్కుంటుంది. "వాన పడి గోడ కూలింది." ఇందులో గుర్తు మాట ఎక్కడ? "పడి" అన్న క్త్వార్థకంలోనే, అంటే ఒక పని అయ్యాక మరో పని అని చెప్పే "ఇ" చివరి క్రియలోనే, ముందు వెనుకలూ ఉన్నాయి, కారణమూ ఉంది. "అన్నం తిని బడికి వెళ్ళాడు" అన్నప్పుడు అదే "ఇ" కారానికి కారణంతో పనే లేదు. కాబట్టి, అందువల్ల, ఎందుకంటే అని మూడు మాటలు బట్టీ పట్టించి పిల్లల మీదికి వదిలితే, "కాబట్టి" ఉన్న ప్రతి కథా వివరణైపోతుంది. కుందేలు నిద్రపోయింది కాబట్టి తాబేలు గెలిచింది. ఇదీ వివరణేనా?

అమ్మా, మీ పిల్ల సగం పాఠాన్ని సరిగ్గానే పట్టుకుంది. మొదటి మూడు వాక్యాలూ చూడండి: వచ్చింది, పెట్టింది, వెళ్ళిపోయింది. జరిగిపోయిన పని, ఒక్కసారి జరిగినది. నాలుగో వాక్యం నుంచి: పిల్లలవుతాయి, నడుస్తాయి, చేరతాయి. ఎప్పుడూ జరిగే పని, దాని స్వభావం. మన వ్యాకరణం దీనికి తద్ధర్మం అని ఏనాడో పేరు పెట్టింది. పిల్లలకు ఆ పేరు అక్కర్లేదు. క్రియ చివర వేలు పెట్టి "ఇది ఒక్కసారి జరిగిందా, ఎప్పుడూ జరుగుతుందా?" అని అడిగితే చాలు. కథలాగా మొదలుపెట్టి వివరణలోకి దిగిన గద్యాన్ని ఇచ్చి, రెండింటిలో ఒకటే ఎంచుకోమనడం ప్రశ్న తప్పు, పిల్ల తప్పు కాదు.

పెరంబూరు తాతయ్య:
టీచరమ్మా, క్రియ చూసి తేల్చేయవచ్చని అంత ధీమాగా చెప్పకు. ఇది చదువు: "1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీకి కోట కట్టుకోవడానికి స్థలం ఇచ్చాడు. అక్కడ వెలసిన ఊరికి ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీద చెన్నపట్నం అనే పేరు వచ్చింది." ఇచ్చాడు, వచ్చింది. అన్నీ జరిగిపోయినవే. అయినా కథ అంటావా? మన ఊరికి పేరు ఎలా వచ్చిందో వివరిస్తోంది కదా! చరిత్ర పాఠాలన్నీ నీ పరీక్షలో తప్పుతాయి.

అసలు ఈ గొడవంతా పిల్లల చేతికి కథలు తప్ప మరేమీ ఇవ్వకపోవడం వల్ల వచ్చింది. కొమర్రాజు లక్ష్మణరావు గారు 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టి, తర్వాత దాన్ని ఈ చెన్నపట్నానికే తెచ్చి, చరిత్రా శాస్త్రాలూ తెలుగులో అచ్చు వేయించారు. విజ్ఞాన సర్వస్వం పనిలో ఉండగానే 1923లో ఇక్కడే కన్నుమూశారు. మనం వారి పేరు చెప్పి సభలు చేసుకుంటాం, పిల్లలకు మాత్రం నక్క, ద్రాక్షపళ్ళు.

సుద్దముక్క:
తాతయ్య గారూ, దెబ్బ గట్టిగానే తగిలింది. చరిత్ర విషయంలో క్రియ ఒక్కటే చాలదు, ఒప్పుకుంటున్నాను. కానీ మూడో తరగతికి మెట్టు మెట్టుగానే ఎక్కిద్దాం. ముందు తాబేళ్ళు, తర్వాత దామెర్ల వారు.

కథలు తప్ప లేవన్న మాట నిజం. నెల్ డ్యూక్ అనే ఆవిడ బోస్టన్ చుట్టుపక్కల 20 ఒకటో తరగతి గదుల్లో కూర్చుని లెక్కపెట్టి 2000లో ప్రచురించారు: సమాచారం చెప్పే పాఠాలకు రోజుకు సగటున 3.6 నిమిషాలు. పుస్తకాలకు కొదవలేని దేశంలో సంగతి అది. మా ఆదివారం తరగతిలో గుణింతాలకు సగం, కథలకు సగం. సున్నా నిమిషాలు.

తాంబరం లోకల్:
ఇవన్నీ సరే, మార్కులు కావాలంటే టీచరు ఏది రాయమంటే అది రాయడమే. చర్చ ముగించండి.

నుంగంబాక్కం నాన్న:
ఆదివారం తరగతికి మార్కులు ఎక్కడివండీ!

టీచర్ గారూ, "వాన పడి" ఉదాహరణ మా ఇంట్లో చెప్పి చూశాను. మా అబ్బాయి "గోడ ఎందుకు కూలింది" అన్నదానికి ఠక్కున జవాబు చెప్పాడు. గుర్తు మాటకంటే ప్రశ్నే మేలని ఒప్పుకుంటున్నాను. పట్టిక మాత్రం వదలను.

అడయారు అమ్మ:
అందరికీ నమస్కారం. నిన్న రాత్రి కూర్చోబెట్టి, ఆ మొదటి మూడు వాక్యాలను "ఎప్పుడూ జరిగేట్టు" తిరగరాయమన్నాను. క్రియలు మార్చమని మాత్రమే చెప్పాను. "వచ్చింది" కొట్టేసి "వస్తుంది" రాసింది. కాసేపు పెన్సిలు కొరికింది. తర్వాత "ఒక రాత్రి" కొట్టేసి "రాత్రిపూట" అని రాసింది. ఆపైన "తాబేలు ఒకటి" కొట్టేసి "తాబేళ్ళు" అని రాసి, "వస్తుంది"ని మళ్ళీ "వస్తాయి"గా దిద్దుకుంది. ఎందుకని అడిగితే, "ఒక రాత్రి అంటే ఆ ఒక్క తాబేలు కథే అవుతుందమ్మా, ఇప్పుడు అన్ని తాబేళ్ళ సంగతీ కదా" అంది. టీచర్ గారూ, క్రియ ఒక్కటే కాదు, ఈ "ఒక" సంగతి మీరు చెప్పలేదు!

జనవరి వస్తే బీసెంట్ నగర్‌కు తీసుకెళ్ళమని పట్టు పట్టింది. 1988 నుంచి విద్యార్థులు రాత్రుళ్ళు ఒడ్డు వెంట నడిచి గుడ్లను కాపాడుతున్నారని చదివి వినిపించాను, నా పొరపాటే. మళ్ళీ నిద్ర లేదు ఇంట్లో.

తాతయ్య గారూ, మీ దామెర్ల వాక్యం కూడా దానికి చూపించాను. "ఆయన ఒక్కసారే ఇచ్చాడు కదా, రోజూ ఇవ్వడు కదా, మరి ఇదెలా మార్చాలి?" అని అడుగుతోంది. దీనికి జవాబు మీరే చెప్పాలి. పడుకునే ముందు కావాలట.