కాలువలో ఆల్చిప్పలు ఎందుకు తగ్గిపోయాయి? చేపల చెరువులో వేయొచ్చా?

దుగ్గిరాల రైతు:
వేసవిలో పడమటి డెల్టా కాలువ కట్టేసినప్పుడు ఒకప్పుడు అడుగు బురదలో ఆల్చిప్పలు గంపలకొద్దీ దొరికేవి. ఇప్పుడు ఖాళీ చిప్పలే ఎక్కువ. బతికున్నవి అక్కడక్కడా ఉన్నా అన్నీ పెద్దవే. కారణం ఏమై ఉంటుంది? ఎకరం చెరువులో నీళ్లు బాగా పచ్చబడుతున్నాయి. వీటిని తెచ్చి వేస్తే తేటపడతాయా?

జల్లెడ:
"అన్నీ పెద్దవే" అన్నారే, అసలు జబ్బు అదేనండి. ఇవి ఏళ్ల తరబడి బతుకుతాయి కాబట్టి పిల్లలు పుట్టడం ఆగిపోయినా ముసలివి కొన్నాళ్లు కనిపిస్తూనే ఉంటాయి.

తల్లి వదిలిన పిల్ల కంటికి ఆనదు. అది చేప మొప్పలకో రెక్కలకో అతుక్కుని కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు గడిపాకే అడుగుకు రాలుతుంది. సరైన జాతి చేప దొరక్కపోతే చస్తుంది. రాలిన చోట మెత్తటి ఒండ్రు మేట వేసి ఉంటే ఊపిరాడక చస్తుంది.

కాలువకు నీళ్లు ఆపేశాక, బురద ఎండి బీటలు వారకముందే చూడండి. నాలుగు పుల్లలు, పురికొసతో మీటరు చదరం కట్టి, పైన 10 సెంటీమీటర్ల మట్టి తీసి సన్న జల్లెడలో కడగండి. గట్టు వార, నడిమధ్య కలిపి పదిచోట్ల చేయాలి. 3 సెంటీమీటర్లలోపువి ఒక్కటీ రాకపోతే అక్కడ సంతతి ఆగినట్టే. ఖాళీ చిప్ప లోపల ముత్యంలా మెరుస్తూ చిప్ప రెండు సగాలూ అతుక్కునే ఉంటే ఈమధ్య చచ్చింది. సున్నంలా పొడి రాలుతుంటే పాతది.

బందరు కాలువ:
చాలామంది నెపం ప్రకాశం బ్యారేజీ మీదకు తోసేస్తారు. చేపల రాకపోకలకు అది అడ్డమే, కాదనను. కానీ కృష్ణ మీద పాత ఆనకట్ట 1855లోనే వచ్చింది, దాని బదులు ఈ బ్యారేజీ 1957లో వచ్చింది. ఈమధ్య తగ్గినదానికి అదొక్కటే కారణం కాదు. పొక్లెయిన్‌తో పూడిక తీస్తే ఆల్చిప్పలన్నీ మట్టితో సహా గట్టెక్కి ఎండిపోతాయి. దానికి తోడు పొలాల పురుగుమందు, ఊళ్ల మురుగు. మురుగులోని అమ్మోనియాకు పిల్లలు ముందు పోతాయి. అమెరికా పర్యావరణ సంస్థ 2013లో అమ్మోనియా పరిమితి బిగించడానికి ముఖ్య కారణం ఈ ఆల్చిప్పలే. ఆ పరిమితి పీహెచ్ 7, 20 డిగ్రీల నీటిలో దీర్ఘకాలానికి లీటరుకు 1.9 మిల్లీగ్రాములు. మన చెరువుల్లో మధ్యాహ్నానికి పీహెచ్ 8.5 దాటుతుంది, నీళ్లు 30 డిగ్రీలుంటాయి. పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అమ్మోనియా విషం పెరుగుతుంది కాబట్టి అక్కడ వీటికి హాని చేయడానికి అంతకన్నా చాలా తక్కువే చాలు.

జల్లెడ:
చెరువు సంగతికొస్తే, మీ బొచ్చె చేప ఎక్కువగా తినేది ఆ పచ్చదనం మీద బతికే సన్న పురుగుల్ని. ఆల్చిప్పలు నీళ్లు వడగట్టి ఆ పచ్చదనాన్నీ పురుగుల్నీ తింటాయి కాబట్టి, వేస్తే దాని మేతకు పోటీ పెట్టినట్టు. ముందు మేత, పేడ తగ్గించండి. అయినా చూడాలనుకుంటే కాలువలో మిగిలిన నాలుగూ ఏరుకురావద్దు, ముత్యాల సాగు చేసేవాళ్ల దగ్గర పది కొనండి. తడి గోనెసంచిలో, నీడన, నీళ్లు పోయకుండా తేవాలి. బకెట్ నీళ్లలో కుక్కితే ఆక్సిజన్ అయిపోయి చస్తాయి. వలసంచికి రెండు చొప్పున మీటరు లోతున వేలాడదీసి రెండు వారాలు చూడండి. తాకినా నోరు మూయనిది చచ్చినట్టే, వెంటనే తీసేయాలి. లేకపోతే అది కుళ్లి పక్కదాన్నీ చంపుతుంది.

దుగ్గిరాల రైతు:
పోయినేడు నాచుకు మైలతుత్తం కొట్టాం. పర్వాలేదా?

బందరు కాలువ:
అయితే ఆ పదీ కూడా వేయకండి. మైలతుత్తంలోని రాగి ఆల్చిప్పలకు విషం. నీళ్లు మార్చినా అది అడుగు మట్టిలో ఉండిపోతుంది. చెరువు ఎండగట్టి పైమట్టి తీయించాకే ఆలోచించండి.