మోకీలు మార్పిడి తర్వాత ఫిజియో రోజూ ఇంటికి రావాలా?

గుంటూరు నివాసి (చర్చ ప్రారంభం)

మా అమ్మగారికి కుడి మోకీలు మార్పిడి జరిగింది. ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రివారు నెల రోజుల పాటు ఫిజియోథెరపిస్టు రోజూ ఇంటికి వచ్చే ప్యాకేజీ తీసుకోమన్నారు. వ్యాయామాలన్నీ బొమ్మలతో సహా అచ్చు వేసి ఇచ్చారు కదా, మనమే చేయించుకోవచ్చని మా తమ్ముడి వాదన. డబ్బు పెట్టుకోగలం, కానీ పెట్టవలసిన అవసరం ఉందా అన్నదే సందేహం. దయచేసి కారణాలతో సహా చెప్పగలరు.

కృష్ణాతీరం

అవసరం లేదని నా అభిప్రాయం. 2017లో జామా వైద్య పత్రికలో సిడ్నీ పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. మోకీలు మార్పిడి చేయించుకున్న 165 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు పది రోజులు ఆసుపత్రిలోనే ఉంచి పునరావాస చికిత్స చేసి ఆపైన ఇంటి వ్యాయామాలు ఇచ్చారు, రెండో జట్టుకు ఇంటి వ్యాయామాలే ఇచ్చారు. 26 వారాల తర్వాత ఆరు నిమిషాల్లో ఎవరు ఎంత దూరం నడవగలరో చూస్తే రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇక మన దగ్గర ఇంటికి వచ్చేవారిలో కొందరు కాలికి కరెంటు మిషను తగిలించి, అరగంట ఫోను చూసుకుని వెళ్లిపోవడం చాలామందికి అనుభవమే.

వరంగల్ ఫిజియో

నేను ఈ వృత్తిలోనే ఉన్నాను కనుక నా మాటలో స్వార్థమెంతో మీరే చూసుకోండి. కృష్ణాతీరం గారూ, మీరు చెప్పిన అధ్యయనం నిజమే, కానీ అందులో ఇంటి జట్టును వారి మానాన వదిలేయలేదు, వారి వ్యాయామాలను ఫిజియోలు పర్యవేక్షించారు. ఆసుపత్రిలో అదనంగా ఉండనక్కరలేదని అది చెబుతుంది తప్ప, ఫిజియోయే అక్కరలేదని చెప్పదు.

ఇళ్లలో నేను తరచుగా చూసే పొరపాటు ఒకటి చెబుతాను. కాలు ఎంత వంగిందని అందరూ అడుగుతారు గానీ, పూర్తిగా చాపగలుగుతున్నారా అని అడిగేవారు అరుదు. నొప్పి తగ్గుతుందని మోకాలి కింద దిండు పెడతారు, అప్పటికి హాయిగానే ఉంటుంది, కానీ రోజుల తరబడి అలాగే ఉంచితే మోకీలు ఆ వంపులోనే బిగుసుకుని నడకలో కుంటు మిగిలిపోవచ్చు. దిండు పెట్టవలసింది మడమ కింద, మోకాలి వెనుక భాగం ఆనుకోకుండా తన బరువుకు తానే కిందికి దిగేలా. వంపు విషయానికి వస్తే, చదునైన నేల మీద నడవడానికి సుమారు 70 డిగ్రీలు సరిపోతాయి, మెట్లు దిగడానికి, కుర్చీలోంచి సులువుగా లేవడానికి 90 దాటాలి. మొదటి వారాల్లో బిగుసుకుపోయిన మోకీలును తర్వాత మత్తు ఇచ్చి వంచవలసి రావచ్చు. ఇంట్లోవారు బలం కొద్దీ కాలు నొక్కి వంచడమూ ప్రమాదమే. పిక్కలో కొత్తగా వాపు, నొప్పి వస్తే రక్తం గడ్డ కట్టిందేమోనని అనుమానించాలి, ఆ రోజు వ్యాయామం మాని నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

అలాగని రోజూ రావాలని నేను అనను. ఎక్కువమందికి మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, ఆపైన వారానికొకసారి వచ్చి కొలతలు తీసి, వ్యాయామాలు మార్చి వెళితే చాలు.

పిఠాపురం కోడలు

కొలతల మాట సరే, అసలు చేసేదెవరన్నది మా ఇంటి సమస్య. నేను చెబితే మా అత్తగారు ‘ఇందాకే చేశానమ్మా’ అంటారు, అదే ఫిజియో అబ్బాయి గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు వినపడితే చాలు, లేచి కూర్చుని కాలు చాపుతారు. అమెరికాలో ఉన్న మా ఆడపడుచు రోజూ వీడియోలో చేయిస్తానన్నది, కొన్నాళ్లు చేయించింది కూడా. కాలు ఎత్తడం ఫోనులో కనబడుతుంది గానీ, మోకాలు వేడిగా ఉందా, నిన్నటికన్నా వాపు పెరిగిందా అన్నది చేయి వేసి చూస్తేనే తెలుస్తుంది. కాబట్టి నొప్పికి భయపడే మనిషికీ, పక్కన గట్టిగా చెప్పేవారు లేని మనిషికీ మొదట్లో రోజూ రావడమే మేలని నా ఉద్దేశం.

కృష్ణాతీరం

వరంగల్ ఫిజియో గారు అధ్యయనం గురించి చేసిన సవరణను ఒప్పుకుంటున్నాను. నా అభ్యంతరం ఇప్పుడు ప్యాకేజీ మీదనే: డబ్బు రోజుల లెక్కన తీసుకుంటారు, డిగ్రీలు మాత్రం ఎక్కడా రాసి ఇవ్వరు. గుంటూరు నివాసి గారూ, ముందు ఒక వారానికే ఒప్పుకోండి. మొదటి రోజే అమ్మగారి కాలు ఎంత చాపగలుగుతున్నారో, ఎంత వంచగలుగుతున్నారో కొలిచి కాగితం మీద రాసి ఇమ్మని అడగండి, వారం చివర మళ్లీ కొలిపించండి. కొలిచే పరికరమే తీసుకురాని మనిషైతే రెండో వారానికి డబ్బు కట్టవద్దు.

వరంగల్ ఫిజియో

దీనికి నాకూ అభ్యంతరం లేదు. కాకపోతే వారంలో అంకె పెరగలేదని మాత్రమే మనిషిని మార్చకండి, వాపు ఎక్కువగా ఉన్న మోకీలు ఆ వారం కదలకపోవచ్చు. ఎందుకు కదలలేదో వివరించగలిగితే కొనసాగించండి.