సమస్య: “నల్లబడెను గొంతు నాదమెత్త”

నిర్వాహకుడు: పై పాదంతో ముగిసేలా పద్యం పూరించాలి. ఈ వారం ఛందస్సు ఆటవెలది, వస్తువు దర్జీపిట్ట కూత. పది గ్రాములైనా తూగని ఈ చిన్న పిట్ట మందారంలో దూరి కూస్తే వీధి చివరిదాకా వినిపిస్తుంది. రాగం తీయదు, ఒకే ముక్కను విడవకుండా కొడుతుంది. అప్పుడు దాని మెడ పక్కలు చూసినవారికి చిక్కు వీడుతుంది.

సెలయేరు:
ఆకు కుట్టు పిట్ట హాయిగా గూయగా
ఈక కింద చర్మమెల్ల దోచె
చిన్ని మెడయు సాగ జిరుమచ్చ కనిపింప
నల్లబడెను గొంతు నాదమెత్త

నిర్వాహకుడు: కీలకం పట్టారు! ఆ నలుపు ఈకలది కాదు, చర్మానిది. మామూలుగా ఈకలు కప్పేస్తాయి. కూతకు మెడ సాగగానే బయటపడుతుంది, ఆడదానికైనా మగదానికైనా. “ఎల్ల” ఒక్కటే నాకు నచ్చలేదు. మెడంతా నల్లబడదు, పక్కన మచ్చే కదా. పైగా “గూయగా” తర్వాత అచ్చుతో ఎత్తుకోవడం విసంధి, అంటే సంధి చేయాల్సిన చోట చేయకపోవడం. “నీక కింద చర్మమిట్టె దోచె” అంటే రెండూ తీరతాయి, యతీ (పాదం మొదటి అక్షరానికి నడిమి అక్షరంతో పొత్తు) చెడదు.

సెలయేరు: “ఇట్టె” ఎంత బాగా కుదిరిందండీ! మార్చుకుంటాను.

గోదారిగట్టు:
తోకనెత్తి పిట్ట తువ్వీటు తువ్వీటు
వాన కబురు చెప్పు పాట పాడె
మిన్ను వైపు చూడ మేఘాల గుంపులే
నల్లబడెను, గొంతు నాదమెత్త

సెలయేరు: విరుపు భలే ఉందండీ, నలుపును మబ్బుకు అంటగట్టారు. నిక్కబొడిచిన తోక కళ్లకు కట్టింది. కానీ ఈ పిట్ట ఎండాకాలంలోనూ కూస్తుంది, వాన కబురు దానిది కాదేమో.

గోదారిగట్టు: నిజమే, అది కవి చనువు. వానల్లో గూడు కట్టే జోరు చూసి అలా రాశాను.

కొత్తకలం:
సూది లేని దర్జి సొంపుగా పాడెను
చిటికెడంత మేని గోల మెండు
పిల్లి గనిన వెంట పిలిచెను జంటను
నల్లబడెను గొంతు నాదమెత్త

నిర్వాహకుడు: మొదటి ప్రయత్నానికి గణాలన్నీ సరిపోయాయి, అభినందనలు. రెండో పాదంలో చి–గో యతి కుదరదు, “గుప్పెడంత” అనండి. మూడో పాదం నాకు బాగా నచ్చింది. పిల్లి కనబడితే “పిట్ పిట్ పిట్” అని గబగబా అరుస్తుంది, దాన్ని “సొంపుగా” అనలేం. మొదటి పాదం చివర “బిగ్గరగా” అర్థం వచ్చేలా, సూ–కి యతి కలిసేలా మార్చి మళ్లీ పెట్టండి, చూద్దాం.