నాన్న పొదుపు మీద జోకులు వేసే హక్కు కొడుక్కి ఉందా?

జాలహళ్ళి అక్క:
మా తమ్ముడు బెంగళూరులో కోరమంగళ, ఇందిరానగర్‌ల్లో స్టాండప్ చేస్తుంటాడు. ఇప్పుడు మా ఇంటి కథే వెబ్ సిరీస్‌గా రాస్తున్నాడు. అందులో నవ్వంతా మా నాన్న మీదే. ఆయనకు ఈ సంగతి తెలియదు. "ముందు నాన్నను అడుగు" అంటే, "క్రిస్ రాక్ ఎవర్ని అడిగాడు?" అంటాడు. అందుకే 'ఎవ్రీబడీ హేట్స్ క్రిస్' మొత్తం చూశాను.

చూడనివాళ్ళ కోసం చెప్తాను. అమెరికన్ కమెడియన్ క్రిస్ రాక్ తన చిన్నతనం ఆధారంగా, అలీ లెరాయ్‌తో కలిసి తయారుచేసిన సీరియల్ ఇది. 2005 నుంచి 2009 దాకా నాలుగు సీజన్లు, 88 ఎపిసోడ్లు వచ్చాయి. న్యూయార్క్‌లో బ్రూక్లిన్, అందులో బెడ్‌ఫర్డ్ స్టైవిసెంట్ అనే నల్లవాళ్ళ పేట. రెండు ఉద్యోగాలు చేసే నాన్న జూలియస్, ఇల్లంతా తన గొంతుతో నడిపించే అమ్మ రొషెల్, ఒక తమ్ముడు, ఒక చెల్లెలు. క్రిస్ మాత్రం బస్సెక్కి తెల్లవాళ్ళ పేటలో బడికి వెళ్ళి అక్కడ తన్నులు తింటుంటాడు. పెద్దయిన క్రిస్ రాక్ వెనక నుంచి తన గొంతుతో కథ చెబుతుంటాడు.

సీరియల్ నాకు బాగా నచ్చింది. అయినా నా మాట మారలేదు. బతికున్న మనిషి గురించి రాసేటప్పుడు ఆ మనిషిని అడగాలి. మా నాన్న హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేరి, అక్కడే రిటైరయ్యారు. కాలనీలో ఇప్పటికీ ఆయన్ని పిలిచి మర్యాద చేసేవాళ్ళున్నారు. మీరేమంటారు?

కోరమంగళ రైటర్:
అక్కా, మీ తమ్ముడి వైపే మాట్లాడతాను. చిన్నతనం మీ తమ్ముడిది కూడా. ఆ ఇంట్లో అతను అద్దెకు ఉండలేదు కదా.

పైగా ఇవి సాక్ష్యాలు కావు, కథలు. క్రిస్ రాక్ పుట్టింది 1965లో, అంటే పదమూడేళ్ళు వచ్చింది 1978లో. సీరియల్‌లో మాత్రం 1982లో పదమూడేళ్ళవాడు. అసలు ఇంట్లో అన్నదమ్ములు చాలామంది, తెర మీద మిగిలింది ఒక తమ్ముడు, ఒక చెల్లెలు. అమ్మ అసలు పేరు రోజ్, ఇక్కడ రొషెల్ అయింది. నాన్న పేరొక్కటే జూలియస్ అని అలాగే ఉంచాడు. అలా మార్చుకుంటూ పోయినా ఆ ఇల్లు ఎంత నిజంగా ఉందంటే, బ్రెజిల్‌లో ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ వేస్తే జనం తమ ఇల్లే అన్నట్టు చూశారు. ఇంట్లో ఒక్కొక్కరి అనుమతి తీసుకుంటూ కూర్చుంటే ఒక్కొక్కరూ ఒక్కో సీన్ తీసెయ్యమంటారు. చివరికి పెళ్ళి వీడియో మిగులుతుంది.

మనవాళ్ళూ రాశారు. నామిని తన పల్లెను, తన అమ్మను రాశాడు. ఖదీర్ బాబు 'దర్గామిట్ట కతలు'లో కావలిలో తన చిన్నతనం రాశాడు. ఇంటి పేదరికం దాచలేదు, నవ్వించడమూ మానలేదు. చదివినవాళ్ళెవరికీ ఆ అమ్మానాన్నల మీద గౌరవం తగ్గలేదు.

విజయనగర్ మాస్టారు:
రైటర్ గారూ, పుస్తకం వేరు, తెర వేరు. పుస్తకంలో మనిషికి పాఠకుడు తనకు తోచిన రూపం ఇచ్చుకుంటాడు. తెర మీద ఒక నటుడి ముఖం వచ్చి కూర్చుంటుంది. రేపు ఏదైనా పెళ్ళికి వెళితే అక్క వాళ్ళ నాన్నగారిని చూసి ఆ నటుడి డైలాగే చెప్తారు. "ఇంటి గుట్టు లంకకు చేటు" అని ఊరికే అనలేదు పెద్దలు.

క్రిస్ రాక్ ఎవర్ని అడిగాడని కదా ప్రశ్న. ఆయన తండ్రి 1988లో అల్సర్ ఆపరేషన్ తర్వాత చనిపోయారు. సీరియల్ మొదలైంది ఆ తర్వాత పదిహేడేళ్ళకు. అడగడానికి మనిషే లేడు. తల్లి ఉన్నారు, ఆవిడ 2008లో పిల్లల పెంపకం మీద సొంతంగా పుస్తకం రాసి తన మాట తాను చెప్పుకున్నారు. తమ్ముడు టోనీ రాక్ కూడా కమెడియనే, అదే సీరియల్‌లో బాబాయి వేషం వేశాడు. ఆ కుటుంబం బయట నిలబడి చూస్తూ లేదు. మీ తమ్ముడి కేసు దీనికి పూర్తిగా భిన్నం తల్లీ. నాన్నగారు పక్క గదిలోనే ఉన్నారు.

ఇంకో భయం కూడా ఉంది. కొడుకు ఎంత ప్రేమగా రాసినా, డబ్బు పెట్టేవాడు దాన్ని అలాగే ఉంచుతాడా? ఎడీ హ్వాంగ్ అనే అమెరికన్ షెఫ్ తన ఆత్మకథ ఇస్తే అమెరికాలో ఏబీసీ ఛానల్ 2015లో 'ఫ్రెష్ ఆఫ్ ద బోట్' తీసింది. మొదటి సీజన్‌కి గొంతు ఇచ్చింది కూడా ఆయనే. అయినా ఇది నా జీవితంలా లేదని బయటికి చెప్పి దూరం జరిగాడు. కథ ఎవరిదో ఆ మనిషికే చివరికి అది కాకుండా పోయింది.

రాత్రి షిఫ్ట్:
అడగాలా వద్దా అన్నదానికన్నా ముందు చూడాల్సింది ఇంకొకటుంది. నవ్వు ఎవరి మీద పడుతోంది?

జూలియస్‌నే తీసుకోండి. పాలు ఒలికితే ఎన్ని సెంట్లు నేలపాలయ్యాయో లెక్క చెప్తాడు. ఏ వస్తువు చూసినా దాని ధర నోటికొస్తుంది. నవ్వొస్తుంది. కానీ ఆ లెక్క చెప్పే మనిషి ఒక పని ముగించి ఇంకో పనికి వెళ్తున్నాడని సీరియల్ ఒక్క ఎపిసోడ్‌లో కూడా మనల్ని మరచిపోనివ్వదు. అసలు జూలియస్ రాక్ కూడా ట్రక్కు నడిపాడు, పేపర్లు చేరవేశాడు. నేను మారతహళ్ళిలో రాత్రి షిఫ్ట్ చేస్తాను. పగలు నిద్రపోయే నాన్న ఉన్న ఇంట్లో పిల్లలు ఎలా అడుగులేస్తారో నాకు తెలుసు. జూలియస్‌గా వేసిన టెర్రీ క్రూస్ ఆ అలసటను ఎక్కడా ఏడుపుగొట్టు చేయలేదు. ఆ లెక్క ఆయన స్వభావం కాదు, ఆయన జీతం ఎంతో చెప్పే మాట.

ఇక అసలు దెబ్బ ఎవరి మీదో చూడండి. మిస్ మొరెల్లో అనే టీచరమ్మ ఉంది. క్రిస్ నల్లవాడు కాబట్టి తండ్రి వదిలేసి వెళ్ళిపోయి ఉంటాడు, తల్లి మత్తుకి బానిసై ఉంటుంది అని నవ్వుతూ, జాలిపడుతూ మాట్లాడుతుంది. ఎంత చెప్పినా ఆమెకు ఎక్కదు. సీరియల్ అన్నిటికన్నా గట్టిగా నవ్వింది ఆ జాలి మీద. అక్కా, మీ తమ్ముడి స్క్రిప్ట్‌లో ఆ టీచరమ్మ జాగాలో ఎవరున్నారు? ఇల్లు అద్దెకివ్వడానికి ముందు "మీరేమిట్లు" అని కులం అడిగే ఓనర్లు ఉన్నారా? బడిలో మన యాసను వెక్కిరించినవాళ్ళు ఉన్నారా? ఇంత పెద్ద బెంగళూరులో ఆ అబ్బాయికి నవ్వడానికి దొరికింది నాన్న ఒక్కరేనా?

జాలహళ్ళి అక్క:
మీరు సరిగ్గా అక్కడే పట్టుకున్నారు. స్క్రిప్ట్‌లో ఒక సీన్ ఉంది. నాన్న ఫ్యాక్టరీ క్యాంటీన్ నుంచి వడను కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని వస్తారు. జేబు నూనె మరక అమ్మ చూసి తిడుతుంది. తమ్ముడు దాన్ని దొంగతనం చేసి దొరికిపోయినట్టు రాశాడు, చదివితే నిజంగానే నవ్వొస్తుంది. కానీ ఆ వడ నాన్న తన టిఫిన్‌కి ఇచ్చింది తినకుండా దాచి మాకు తెచ్చింది. వాడికి అప్పుడు నాలుగేళ్ళు, వాడికి వడే గుర్తుంది. నాకు తొమ్మిదేళ్ళు, నాకు అంతా గుర్తుంది.

కోరమంగళ రైటర్:
అయితే అక్కా, ఆ సీన్ తీసెయ్యమనకండి. ఆ రెండో సగం కూడా రాయమనండి. మాస్టారు గారు "గుట్టు" అంటే దాచడమే అనుకుంటున్నారు. దాచినందువల్లే మీ తమ్ముడికి ఆ రెండో సగం తెలియలేదు.

ఒకటి మాత్రం ఒప్పుకోను. నాన్నగారు వద్దంటే మొత్తం ఆపేయాలా? మన ఇళ్ళలో నాన్నలు మొదట దేనికైనా వద్దనే అంటారు.

విజయనగర్ మాస్టారు:
ఆపేయాలి. వద్దన్న మాటకు విలువ లేకపోతే అడగడం దేనికి? సీరియల్‌కే వద్దాం. 1987లో క్రిస్ హైస్కూలు వదిలేసి, దానికి సమానమైన జీఈడీ పరీక్ష రాసిన దగ్గర ముగించారు. ఫలితం ఏమిటో కూడా చూపించకుండా ఆపేశారు. అసలు తండ్రి పోయింది 1988లో. ఇంకో సీజన్ తీస్తే ఆ చావు దగ్గరికి రావాలి. ఎందుకు ఆపారన్నది వాళ్ళకే తెలియాలి. నాకు మాత్రం అక్కడ ఆగడం మర్యాదగా అనిపించింది. అన్నీ చెప్పకపోయినా కథ కథే.

కె.ఆర్. పురం రాణి:
ఇంతసేపు అందరూ నాన్న గురించే మాట్లాడుతున్నారు. అమ్మ సంగతేమిటి?

రొషెల్‌గా వేసిన టిషీనా ఆర్నాల్డ్ నటన అద్భుతం, కాదనను. కానీ పాత్రను చూడండి. ఎక్కడైనా చిన్న మాట పడితే, నా మొగుడు రెండు ఉద్యోగాలు చేస్తున్నాడు, నాకీ కర్మేంటి అని పని వదిలేసి వచ్చేస్తుంది. అసలు రోజ్ రాక్ టీచర్. మానసిక వైకల్యం ఉన్నవాళ్ళ కోసం సోషల్ వర్కర్‌గా కూడా పనిచేశారు. నాన్న శ్రమ మొత్తం తెర మీదికి వచ్చింది, అమ్మ శ్రమలో అరుపులు వచ్చినంతగా చదువూ ఉద్యోగమూ రాలేదు. ఇష్టంగా చూసిన సీరియల్ కాబట్టే ఈ మాట అంటున్నాను. జాలహళ్ళి అక్కా, నూనె మరక చూసి తిట్టింది అమ్మే కదా. ఆ చొక్కా ఉతికింది ఎవరు? నెలాఖరులో ఆ జీతంతో ఇల్లు నడిపింది ఎవరు? స్క్రిప్ట్‌లో ఆవిడ ఇంకేం చేస్తుంది?

జాలహళ్ళి అక్క:
రాణి గారూ, ఇప్పుడే మళ్ళీ తిరగేశాను. తిట్టడం, అన్నం వడ్డించడం, తలుపు తీయడం. పాత్రకు పేరు కూడా లేదు, అంతటా "అమ్మ" అనే ఉంది. మాస్టారూ, నాన్నను అడగాలన్న మాట మీదే ఉన్నాను. కానీ ముందు అమ్మ దగ్గర కూర్చుని మొత్తం చదివి వినిపించమని తమ్ముడికి ఈ రాత్రే ఫోన్ చేసి చెప్తాను. ఏ సీన్లో తను ఏం చేస్తోందో అమ్మే చెప్పాలి.