అప్‌డేట్: ఉద్యోగం మానేసి మందుల దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాను

హైదరాబాద్‌లో ఉద్యోగం వదిలి, మందుల దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్ముకుంటూ బతకగలనా అని అప్పట్లో మిమ్మల్ని అడిగాను. ముందు పది దుకాణాల్లో వాడించి చూడమన్న సలహానే పాటించాను. ఇప్పుడు గుంటూరులో ఉంటూ సగం రోజు కోడ్ రాయడానికి, సగం రోజు దుకాణదారుల ఫోన్లకు కేటాయిస్తున్నాను.

2025 సెప్టెంబరు 22న చాలా మందులపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత నిల్వకు కూడా కొత్త రేటే వర్తిస్తుంది కాబట్టి, ముందురోజు రాత్రంతా కూర్చుని ప్రతి దుకాణం పట్టికనూ సరిచేసి, తెల్లవారాక ఒక కౌంటరు పక్కన నిలబడి మొదటి బిల్లు సరిగ్గా రావడం కళ్లారా చూశాను. అంతటి తృప్తి జీతం అందుకున్న ఏ నెలలోనూ కలగలేదు.

ఆదాయం ఇంకా పాత జీతంలో సగమే. దుకాణాలు తమ అమ్మకాల వివరాలు ప్రభుత్వానికి సమర్పించే జీఎస్టీఆర్-1 రిటర్నుకు నెలనెలా 11వ తేదీ గడువు దగ్గరపడితే నిద్ర కూడా తక్కువే. అందుకే వచ్చే నెల నుంచి ఫోన్లు చూసుకోవడానికి ఒక సహాయకుణ్ణి పెట్టుకుంటున్నాను.