డివైడ్, స్ప్లిట్, సెపరేట్: గ్రూపులు చేసేటప్పుడు ఏది?

తొమ్మిదో తరగతికి ఇంగ్లిష్ వర్క్‌షీట్ తయారు చేస్తూ ఒకే ఒక్క వాక్యం దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. "24 మంది పిల్లలను నాలుగు గ్రూపులుగా చేయండి" అని ఇంగ్లిష్‌లో రాయాలి. తెలుగులో ఈ ఇబ్బంది లేదు, పంచడం, విడదీయడం, ఏరడం, చీల్చడం దేనికది తెలిసిపోతుంది. బియ్యంలో రాళ్లను ఎవరూ "విభజించరు" కదా!

ఇప్పటివరకు నాకు అర్థమైంది ఇది. డివైడ్ అంటే ఒక మొత్తాన్ని భాగాలు చేయడం, దాని తర్వాత ఇంటూ (into) అనే మాట వస్తుంది. (లెక్కల్లో 24ను 4తో భాగిస్తే బై వస్తుంది, దాని జోలికి పోవట్లేదు.) సెపరేట్ అంటే కలిసి ఉన్నవాటిని వేరు చేయడం, తెల్లసొన నుంచి పచ్చసొనను తీసినట్టు. అక్కడ ఫ్రమ్ వస్తుంది. స్ప్లిట్ కట్టెలు చీల్చడానికీ, హోటల్లో బిల్లు తలా కొంత వేసుకోవడానికీ.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ నిఘంటువు తెరిస్తే సెపరేట్ తర్వాత కూడా ఇంటూ ఉన్న ఉదాహరణలు కనిపించాయి, అవీ గ్రూపుల గురించే. నా రూలు అక్కడే బెడిసికొట్టింది. ఫోన్‌లో అనువాద యాప్‌ను అడిగితే డివైడ్‌కూ స్ప్లిట్‌కూ "విభజించు" అనే చెప్పింది, దానివల్ల లాభం లేకపోయింది. పిల్లలు అడిగితే "రెండూ ఒకటే" అని దాటేయడం నాకు ఇష్టం లేదు.

నా వాక్యంలో డివైడ్ ఇంటూ బదులు సెపరేట్ ఇంటూ రాస్తే ఇంగ్లిష్ బాగా తెలిసినవాళ్లకు అర్థంలో ఏమైనా తేడా వినిపిస్తుందా?