అబుదాబి సోలార్ బ్యాటరీ ప్రాజెక్టు లాంటి పనికి ఏం నేర్చుకోవాలె?

అన్నలూ అక్కలూ నమస్తే, మాది జగిత్యాల దిక్కు, అబుదాబిలో తొమ్మిదేండ్లుగా ఎలక్ట్రీషియన్ పని చేస్తున్న. ఇక్కడ మస్దార్ అనే సోలార్, గాలి కరెంటు కంపెనీ వాళ్లు 2025 జనవరిలో ప్రకటించిన ప్రాజెక్టు తెలిసే ఉంటది, 5.2 గిగావాట్ల సోలార్, దానికి 19 గిగావాట్ అవర్ల బ్యాటరీ, పగలు రాత్రి తేడా లేకుండ 1 గిగావాట్ కరెంటు ఇయ్యాలని. లెక్క చూస్తే ఫుల్ ఛార్జ్ మీద 1 గిగావాట్ చొప్పున దగ్గర దగ్గర 19 గంటలు వస్తది కాబట్టి రాత్రికి ఢోకా లేదు, కానీ ఎండాకాలం ఇక్కడ 45 డిగ్రీలు దాటుతది, ఆ వేడిలో కంటైనర్లల్ల బ్యాటరీలు చల్లగ ఉంచడానికే ఎంత కరెంటు పోతది? రెండు మూడు రోజులు దుమ్ము లేస్తే ప్యానెళ్ల మీద ఇసుక పేరుకుంటది కదా, అప్పుడు బ్యాటరీ నిండకపోతే ఏం చేస్తరు, గ్యాస్ ప్లాంట్ల మీద పడుడేనా?

అసలు సంగతి, నాకు ఏసీ కరెంటు వైరింగ్, ప్యానెల్ బోర్డులు బాగ తెలుసు, డీసీ హై వోల్టేజ్ ఎప్పుడు ముట్టలేదు. ఇసొంటి సైట్లల్ల పని చేసినోళ్లు ఎవరన్న ఉంటే ముందుగాల ఏ ట్రైనింగ్ తీసుకోవాలె, బీఎంఎస్ (బ్యాటరీల ఛార్జ్, వేడి చూసుకునే కంట్రోల్ సిస్టమ్) నేర్చుకోవాల్నా, ఇన్వర్టర్లు నేర్చుకోవాల్నా చెప్పండి. ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడే కోర్సు చేద్దామనుకుంటున్న.